సవారీ వేళలు, దాణా వేళలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా మార్వాడీ గుర్రం 400 కిలోలుంటుంది. పొద్దున ఆరింటికి సవారీ. సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) ఐదింటికే రెండు కిలోల దాణా పెట్టేస్తాడు. ‘ఖాళీ కడుపుతో ఎలా పరిగెడుతుంది?’ అంటాడు. కానీ గుర్రం మందకొడిగా నడుస్తోంది. తంగు (జీను నిలవడానికి పొట్ట కింద కట్టే పట్టీ) బిగిస్తుంటే కొరకడానికి వస్తోంది. (వికారాబాద్ పాఠకుడు)

జవాబు: ఖాళీ కడుపు పనికిరాదన్నంత వరకు మీ సాయీసు మాట నిజమే. అయితే నింపాల్సింది గడ్డితో, దాణాతో కాదు.

ఒంటితో పోలిస్తే గుర్రం జీర్ణాశయం చిన్నది, మీ గుర్రానికి పది లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. గంట కిందట తిన్న దాణా ఇంకా అందులోనే ఉబ్బుతూ ఉంటుంది. జీర్ణాశయానికి ముందువైపు ఆనుకునే ఊపిరితిత్తులను కదిలించే కండరపు పొర (డయాఫ్రమ్) ఉండటంతో దౌడులో శ్వాస బరువవుతుంది. దాణాలోని పిండిపదార్థంతో మరో చిక్కు ఉంది. తిన్న గంటా రెండు గంటల్లో రక్తంలో చక్కెర, దాంతోపాటు ఇన్సులిన్ పెరుగుతాయి. సరిగ్గా అప్పుడే పని మొదలైతే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. కొవ్వును కరిగించి శక్తిగా వాడుకోవడానికీ ఇన్సులిన్ అడ్డుపడుతుంది. మీరు చూస్తున్న మందకొడితనానికి ఇది కారణం కావచ్చు.

కొరకడం విషయంలో ముందు తంగు కింద చర్మం ఒరుసుకుపోయిందేమో చూడండి. అక్కడేమీ లేకపోతే కడుపులో పుండును అనుమానించాలి. గుర్రం కడుపులో ఆమ్లం మనకులా ఎక్కువగా తిన్నప్పుడే కాదు, రాత్రింబవళ్లూ ఊరుతుంది. దానికి విరుగుడు లాలాజలం. అది నమిలినప్పుడే వస్తుంది. కిలో ఎండుగడ్డి నమలడానికి 40 నిమిషాల దాకా పడుతుంది. కిలో దాణా పది నిమిషాల్లో అయిపోతుంది. జీర్ణాశయం పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే పొర లేదు. దౌడులో పొట్ట కండరాలు నొక్కినప్పుడు ఆమ్లం అక్కడిదాకా ఎగజిమ్ముతుంది. కడుపులో గడ్డి ఉంటే అది చాపలా తేలుతూ ఆ చిమ్మడాన్ని ఆపుతుంది. పుండు ఉందో లేదో ఎండోస్కోపీతోనే తేలుతుంది కాబట్టి పశువైద్యుణ్ణి కలవండి.

సవారీకి కనీసం మూడు గంటల ముందే దాణా ముగియాలి. అలాగని తెల్లవారుజామున మూడింటికి ఎవరూ లేవక్కర్లేదు. రాత్రి దాణా ఎనిమిదింటికి పెట్టండి. తెల్లవార్లూ నమలడానికి ఎండుగడ్డి ఉంచండి. ఐదుంపావుకు అర కిలో నుంచి కిలో గడ్డి వేయండి. అందులో గుప్పెడు లూసర్న్ (పప్పుజాతి మేత) కలిపితే మరీ మంచిది, దానిలోని కాల్షియం ఆమ్లాన్ని కొంత అణుస్తుంది. పొద్దుటి దాణా ఎనిమిదింటికి, సవారీ ముగిసిన గంట తర్వాత పెట్టండి. 400 కిలోల గుర్రానికి ఒక పూటకు రెండు కిలోలు గరిష్ఠ పరిమితి. మేమైతే కిలోంబావు దాటనివ్వం. మిగిలింది మరో పూటకు పంచండి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి మాత్రం తప్పనిసరి. వేళలు గానీ పాళ్లు గానీ ఒక్కరోజులో మార్చకండి, పది రోజులు తీసుకోండి.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతాం. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా పని. బలం కోసం బయల్దేరే ముందు ఎక్కువ దాణా పెట్టొచ్చా? (వరంగల్)

జవాబు: అక్కర్లేదు. బరాత్‌లో నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. ఆ నాలుగైదు గంటలూ నోట్లో గడ్డిపోచ పడకపోవడమే అసలు ఇబ్బంది. మామూలు దాణా మూడున్నరకల్లా ముగించండి. వాహనం ఎక్కేదాకా, ఎక్కాక కూడా, గడ్డి అందుబాటులో ఉంచండి. మండపం దగ్గర ఆగినప్పుడు నీళ్లు, కాస్త గడ్డి ఇవ్వండి. చుట్టాలు ముచ్చటపడి పెట్టే లడ్డూలు, జిలేబీలు మాత్రం వద్దు.

ప్రశ్న: చెమటతో ఉన్న గుర్రానికి నీళ్లిస్తే కడుపునొప్పి వస్తుందంటారు. నిజమేనా?

జవాబు: కాదు. ఈ నమ్మకం వల్లే చాలా గుర్రాలు ఎండిపోతున్నాయి. గుర్రం చెమటలో ఉప్పు చాలా పోతుంది. అందుకే ఒళ్లు ఎండుతున్నా దానికి దాహం తెలియకపోవచ్చు. అడిగినప్పుడు ఇవ్వకపోతే తర్వాత సరిగా తాగదు. సగం బకెట్ తాగనిచ్చి, నాలుగడుగులు నడిపించి, మళ్లీ ఇవ్వండి. గడ్డి కూడా వేయొచ్చు. ఆగాల్సింది దాణా ఒక్కటే. శ్వాస నిమిషానికి 16కు, నాడి 44కు లోపు దిగాకే తొట్టి ముందు కట్టండి. దవడ కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. బాగా చెమట పట్టిన రోజు దాణాలో 30 గ్రాముల ఉప్పు కలపండి, నీళ్లు దగ్గరుండాలి.

ప్రశ్న: రోజూ మూడు కిలోల ఉలవలు పెడతాం. ఆదివారం పని లేదు, మేత మామూలే. సోమవారం బయల్దేరిన పావుగంటకే వెనక కాళ్లు బిగుసుకుపోయి, మూత్రం కాఫీ రంగులో వచ్చింది. (కర్నూలు)

జవాబు: ఇది కండరాల జబ్బు. పని మానిన రోజున కూడా బలమైన మేత తగ్గించకపోవడం దీనికి పాత కారణం. ఆ రంగు దెబ్బతిన్న కండరాల నుంచి వస్తుంది, మూత్రపిండాలకు హాని చేస్తుంది. మళ్లీ అలా జరిగితే అక్కడే ఆపండి, నడిపించి ‘సాగదీయాలని’ చూడకండి. నీళ్లిచ్చి, వెంటనే వైద్యుణ్ణి పిలవండి. ఇకనుంచి శనివారం రాత్రి నుంచే దాణా సగానికి తగ్గించండి, ఆ లోటును గడ్డితో పూడ్చండి. ఆదివారం అరగంటైనా చేత్తో పట్టుకుని నడిపించండి.

మూడు కిలోలు ఒకే పూట పెడుతుంటే అది కూడా తప్పే, మూడు పూటలు చేయండి. ఉలవలు రాత్రి నానబెట్టి, వేళ్ల మధ్య నలిగేదాకా ఉడికించాలి, పచ్చివి సరిగా అరగవు. తవుడు కలుపుతుంటే కొద్దిగానే, తాజాది కలపండి. దానిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఎక్కువ కాలం అదే ప్రధాన మేతైతే ఎముకలు బలహీనపడతాయి. ఎండాకాలంలో పొద్దున ఉడికించిన గుగ్గిళ్లు సాయంత్రానికి పులుస్తాయి. పుల్లని వాసన వస్తే వాటిని గుర్రానికి పెట్టకండి, తొట్టిని కడిగేయండి.