మార్చి 21 సభకు ముందు

అమ్మలూ,

మార్చి 21న, ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం నాడు, మీ బడిలో ఆ పిల్లల కోసం సభ పెడుతున్నావని, చుట్టుపక్కల ఊళ్ళ తల్లులందరినీ పిలిచావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వింటే కడుపు నిండిపోయింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. మీ బడి గేటు తీస్తే ఎదురుగా పంటకాలువ! ముందు దాని సంగతి చూడు. ఈ పిల్లల్లో కొందరు చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోతారు. గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టు. ఫోన్ చూసుకునే మనిషిని మాత్రం పెట్టకు.

షామియానా, భోజనాలు నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆనవాయితీ అని కాలికో రంగు సాక్సులు వేయిస్తావట, వేయించు. మన కోనసీమ ఎండల్లో సాక్సులేమిటే అని మీ పెదనాన్నగారు ఒకటే నవ్వు. మూడో నెల, 21వ తేదీయే ఎందుకో మాత్రం సరిగ్గా చెప్పు. 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉంటాయి, అంతే. గ్రహణం నాడు కత్తిపీట పట్టుకుందని కోడలిని ఏళ్ళ తరబడి సాధించిన అత్తగార్లు ఆ రోజు ముందు వరసలోనే కూర్చుంటారు. తల్లి చేసినదాని వల్లా తిన్నదాని వల్లా ఇది రాదని వాళ్ళకి వినపడేలా రెండుసార్లు చెప్పు.

ఈ పిల్లల్లో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. గుండెకి ఎకో స్కాన్ తీయించారా అని ప్రతి తల్లినీ అడుగు. థైరాయిడ్, చెవులు, కళ్ళు కూడా చూపించుకోవాలి. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్, పింఛను, ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే భవిత కేంద్రం, వీటికి ఎక్కడికి వెళ్ళాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి పంచు.

ఇక నా అసలు భయం స్టేజి.

1991లో మా బడి వార్షికోత్సవం. నా క్లాసులో కొబ్బరి దింపులు తీసే ఆయన కొడుకు ఉండేవాడు, పదేళ్ళవాడు. డౌన్ అనే మాట నాకప్పుడు తెలియదు. 'దేవుడి బిడ్డ' అనేదాన్ని, అదేదో ప్రేమ అనుకుని. బడి గంట కొట్టే పని వాడికిచ్చి మురిసిపోయేదాన్ని. వాళ్ళ నాయనమ్మ రెండు నెలలు కూర్చోబెట్టి వాడికి ఒక పద్యం నేర్పింది. మాట ముద్దగా వచ్చేది గానీ, ఓపిగ్గా వింటే అర్థమయ్యేది. స్టేజెక్కి మొదటి పాదం అందుకున్నాడు. వెనక నుంచి నవ్వులు. నేను గబగబా వెళ్ళి మైకు లాక్కుని, "మన దేవుడి బిడ్డకి చప్పట్లు!" అన్నాను. అందరూ కొట్టారు. వాడూ కొట్టాడు. దిగుతూ, "టీచరుగారండీ, ఇంకా ఉందండి" అన్నాడు. కింద కూర్చున్న నాయనమ్మ పెదవులు రెండో పాదం దగ్గరే ఆగిపోయాయి.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా, బాగా కాచుకొచ్చారండీ అని మెచ్చుకున్నారు. మర్నాడు వాడు మామూలుగానే వచ్చి గంట కొట్టాడు. అందుకే అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నవ్వేవాళ్ళని ఆపాల్సింది పోయి చదివేవాణ్ణి ఆపాను. నవ్వుతారన్న భయం వాడికి లేదే, నాకే!

నీకూ నా నోరే వచ్చింది, మైకు దొరికితే వదలవు. ఆ పిల్లల తరఫున నువ్వు మాట్లాడకు. ఒక్కో మాటకి నిమిషం పట్టినా ఊరుకో. జాలి చప్పట్లు కొట్టించకు. కోప్పడ్డాననుకోకు తల్లీ, నాకంటే నువ్వు బాగా చేస్తావు, తెలుసు.

వాడిప్పుడు నలభై దాటాడు. వాళ్ళన్న కొబ్బరి కొట్లో కాయలు లెక్కపెట్టి బస్తాల్లో వేస్తాడు, లెక్క తప్పడు. నేను కనిపిస్తే ఇప్పటికీ గంట కొడుతున్నట్టు చెయ్యి ఊపుతాడు. మొన్న వెళ్ళి, 21న వస్తావా అని అడిగాను. వస్తానన్నాడు. పద్యం గుర్తుందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

మైకు కాస్త కిందికి దించి పెట్టించు. మనిషి పొట్టి.

మీ పెద్దమ్మ