పేరు పోయిన జార్ ఫైల్‌ను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: మా పాత సర్వర్‌లో లిబ్ ఫోల్డర్ నిండా జార్ ఫైళ్లు (జావా కోడ్ మూటలు) ఉన్నాయి. ఎవరో పేర్లు మార్చేశారు: ‘లాగర్.జార్’, ‘కామన్2.జార్’... వీటిలో లాగ్4జె (జావా ప్రోగ్రాముల లాగ్‌లు రాసే లైబ్రరీ) ఉందో లేదో, ఉంటే ఏ వెర్షనో ఆడిట్‌కి చెప్పాలి. దారేది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పేరు మారినా ఫైల్ లోపలి బైట్లు మారవు. హాష్ (ఫైల్‌ను గుర్తించే అక్షరాల వరుస) కట్టేది ఆ బైట్ల మీదే కాబట్టి పేరు పోయినందుకు బెంగ అక్కర్లేదు. జావా లైబ్రరీలకు షా-1 అనే రకం హాష్ తీయండి. షా-256 మెరుగైనదే, కానీ జావా లైబ్రరీల ఆన్‌లైన్ భాండాగారం మేవెన్ సెంట్రల్‌లో జార్ పక్కనే ‘.షా1’ ఫైల్ ఉంటుంది; పోల్చుకోవడానికి అది చాలు. లినక్స్‌లో షా1సమ్ కమాండ్‌కు ఫోల్డర్‌లోని జార్‌లన్నీ ఇస్తే ఒక్క దెబ్బకు జాబితా వచ్చేస్తుంది. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ వాడుతుంటే షా1 కావాలని విడిగా చెప్పాలి, లేకపోతే షా-256 ఇస్తుంది. వచ్చినదాని పొడవు లెక్కపెట్టండి: 32 అక్షరాలుంటే ఎండీ5, 40 అయితే షా-1, 64 అయితే షా-256. పవర్‌షెల్ పెద్ద అక్షరాల్లో ఇస్తుంది, లినక్స్ చిన్న అక్షరాల్లో. విలువ ఒకటే అయినా వెతికే కమాండ్ గ్రెప్‌కు ఆ సంగతి తెలియదు, అందుకని ముందే అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి.

లాగ్4జె-కోర్ అన్ని వెర్షన్ల ‘.షా1’ ఫైళ్లూ దించుకుని, హాష్ ఒక వరుసలో, వెర్షన్ పక్క వరుసలో పెట్టి పట్టిక చేసుకోండి. ఇంటర్నెట్ లేని సర్వర్ మీదా ఇది పనిచేస్తుంది. ఒక చిక్కుంది: ఆ ఫైళ్లలో సాధారణంగా హాష్ ఒక్కటే ఉంటుంది, ఫైల్ పేరు ఉండదు. నేరుగా షా1సమ్ తనిఖీకి ఇస్తే ఫార్మాట్ సరిగా లేదంటుంది. హాష్ తర్వాత రెండు ఖాళీలు వదిలి ఫైల్ పేరు చేర్చాలి.

పట్టికలో దొరికితే అదే ఫైల్, అదే వెర్షన్, సందేహం లేదు. అసలు పని దొరకనివాటితోనే. దొరకలేదంటే లాగ్4జె కాదని రాసేయకండి. 2021 డిసెంబర్‌లో లాగ్4జెలో లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు చాలామంది జార్‌లోంచి ఆ లోపానికి మూలమైన ‘జెఎన్‌డిఐలుకప్’ క్లాస్ (కోడ్ ఫైల్) ఒక్కటే తీసేసి ఊరుకున్నారు. అప్పట్లో అది అధికారికంగా సూచించిన ఉపాయమే. కానీ ఒక్క క్లాస్ పోతే హాష్ మొత్తం మారిపోతుంది. ఏమీ తీయకపోయినా, విప్పి మళ్లీ జిప్ చేస్తే చాలు: లోపలి ఫైళ్ల తేదీలు, వరుస, కుదింపు మారి హాష్ వేరవుతుంది. ఇలాంటప్పుడు జార్‌ను విప్పి ఒక్కో క్లాస్ ఫైల్‌కూ విడిగా హాష్ తీసి, అసలు 2.14.1 లాంటి వెర్షన్ల క్లాసులతో పోల్చండి. అన్నీ కలిసి ఆ ఒక్కటే లేకపోతే జరిగిందేమిటో తెలిసిపోతుంది. అలాంటిదాన్ని ‘గుర్తు తెలియనిది’ అని వదలకుండా 2.17.1కో ఆపై వెర్షన్‌కో మార్చేయమని నా సలహా.

స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌తో చేసిన జార్ అయితే ‘బూట్-ఇన్ఫ్’లోని లిబ్‌లో లైబ్రరీలు జార్‌లుగానే ఉంటాయి, బయటికి తీసి హాష్ కడితే కలుస్తాయి. ప్యాకేజీ పేర్లు మార్చి కలిపేసిన షేడెడ్ జార్‌లో మాత్రం క్లాసుల బైట్లే మారిపోతాయి కాబట్టి హాష్ దారి అక్కడ మూసుకుపోతుంది. లైబ్రరీ వివరాలుండే ‘పామ్.ప్రాపర్టీస్’ ఫైల్ మిగిలి ఉంటే వెర్షన్ రాసి ఉంటుంది. అయితే అది ఎవరైనా దిద్దగలిగే మాట, సాక్ష్యం కాదు.

ఇంకొకటి. జాబితాలో ఏదైనా హాష్ ‘డీఏ39ఏ3ఈఈ’ అని మొదలైతే దాన్ని వెతుకుతూ కూర్చోకండి. అది ఖాళీ ఫైల్ షా-1. కాపీ మధ్యలో తెగిపోయి సున్నా బైట్లు మిగిలి ఉంటాయి.

ప్రశ్న: షా-1 విరిగిపోయిందంటారు కదా, ఇంకా నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు ఒకే షా-1 ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు చూపించారు. ఆ రెంటినీ తయారుచేసింది వాళ్లే. ఇప్పటికే విడుదలై ఉన్న ఫైల్‌కు సరిపోయే మరో ఫైల్‌ను పుట్టించడం వేరే సంగతి, అది ఇంతవరకూ ఎవరూ చేసి చూపలేదు. పాత లైబ్రరీ ఏదో తెలుసుకోవడానికి షా-1 చాలు. ఎవరో కావాలని మోసం చేస్తారన్న అనుమానం ఉన్నచోట షా-256 తప్ప మరొకటి వాడకండి.

ప్రశ్న: డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన హాష్‌తో కలిసింది. ఇక ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫైల్ దారిలో పాడవలేదని మాత్రమే తేలింది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వెబ్‌సైట్‌లోకి దొంగలు చొరబడి 17.3 సినమన్ ఎడిషన్ లింకును దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్క్ ఫైల్) వైపు తిప్పారు. పేజీ చేతికి చిక్కినవాడు అందులోని హాష్‌నూ మార్చగలడు. అందుకే ముందు హాష్‌ల జాబితా మీది జీపీజీ (డిజిటల్) సంతకం చూడండి. సంతకం తాళంచెవి వేలిముద్రను డౌన్‌లోడ్ పేజీ నుంచి కాకుండా మరోచోటి నుంచి సరిచూసుకోండి. అది కుదిరాకే ఐఎస్‌ఓ హాష్ పోల్చండి.