తెలుగు చదవడం రాని పిల్లలకి విశ్వాసం ఎట్లా అందుతుంది?

"పిల్లలు పెద్దయ్యేకొద్దీ చర్చికి రామంటున్నారు. మన విశ్వాసం వాళ్లకి ఎలా అందించాలి?" అని అడిగారు. నేను చెప్పేది ఒక్కటే. ముందు తెలుగు చదవడం నేర్పండి, తర్వాత ఇంట్లో వాళ్ల చేత బైబిలు పైకి చదివించండి. వీబీఎస్‌లు (సెలవుల్లో పెట్టే బైబిలు బడులు), యూత్ క్యాంపులు, బహుమతులు అన్నీ ఆ తర్వాతే.

మాది టంగుటూరు దగ్గర పల్లె, ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాం. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో మావాళ్లూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా ఆ ఏటి ఒడ్డుకి తీసుకెళ్లి ఇదంతా చెప్పాను. అంతకుముందు కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మనవాళ్లకి పని ఇప్పించిన అమెరికా మిషనరీ క్లౌ దొర, కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపి ఉంచాడని కూడా చెప్పాను. వాడు "సరే నాన్నా" అని రెండు ఫొటోలు తీసుకున్నాడు. అంతే. ముత్తాతల విశ్వాసం ఎంత గొప్పదైనా, అది వాడికి సోషల్ పాఠంలాగే వినపడింది.

వాడిలో నేను మార్పు చూసింది పోయిన ఏడాది దసరా సెలవుల్లో. మా అమ్మకి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు చదవొద్దన్నారు. రాత్రి ప్రార్థన దగ్గర మనవణ్ణి పిలిచి, బైబిలు ఇచ్చి "వందో కీర్తన చదువు నాయనా" అంది. వాడు తొమ్మిదో తరగతి, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మూడో వచనం దాకా వచ్చి ఆగిపోయాడు. "గొఱ్ఱెలము" అన్న మాట దగ్గర వేలు పెట్టి "ఇదేం అక్షరం నాయనమ్మా?" అన్నాడు.

పుస్తకం చూడకుండానే మా అమ్మ "అది బండి ర" అంది. వాడి అరచెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, చూపుడు వేలితో ఱ రాసి చూపించింది. ఒకసారి కాదు, వాడు తిరిగి తన చేతిలో రాసి చూపించేదాకా. మా అమ్మ బడికి పోలేదు. పగలు పొగాకు పనికి పోయి, రాత్రిపూట మా సంఘం పాస్టరు గారి భార్య దగ్గర లాంతరు వెలుతుర్లో చదవడం నేర్చుకుంది. ఆ అమ్మగారు కూడా అట్లాగే అరచేతిలో రాసి నేర్పిందట.

తర్వాత వాడు అడిగిన ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. "ఇదే ఎందుకు చదవమన్నావు?"

అమ్మ చెప్పింది. 2000లో పొగాకుకి క్రాప్ హాలిడే ప్రకటించారు, అంటే ఆ ఏడు పంట వేయొద్దన్నారు. ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లు వెలగలేదు, గ్రేడింగ్ పని లేదు, మా ఇంట్లో కూలి డబ్బులు ఆగిపోయాయి. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను, ఫీజు కట్టలేదు. ఆ ఏడంతా అమ్మ రోజూ రాత్రి నా చేత ఈ కృతజ్ఞతా కీర్తనే చదివించేది. దేనికి కృతజ్ఞత అని నాకు లోపల మండేది. ఆ రాత్రి మా వాడితో అంది: "నాకూ దేవుడి మీద కోపంగానే ఉండేది నాయనా. స్తుతించడానికి నాకు నోరు రాలేదు. అందుకని మీ నాన్న నోటితో విన్నాను."

పాతికేళ్లు నాకు తెలియని మాట అది. అమ్మకి అసలు అనుమానమే లేదనుకున్నాను. మా వాడు మాత్రం ఏం మాట్లాడకుండా మిగిలిన రెండు వచనాలూ చదివాడు, ఈసారి తొందర పడకుండా.

తన శిష్యుడు తిమోతికి విశ్వాసం అవ్వ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చిందని బైబిల్లో పౌలు రాశాడు. అందులో క్యాంపు లేదు, స్పీకరు లేదు. ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఆరాధన మొదలవగానే పిల్లల్ని వేరే గదిలోకి పంపేస్తాం. పాటలు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తాం. పాటల పుస్తకం తెరిచే పని లేకుండా చేశాం. ఆదివారం పొద్దున పరీక్ష పెట్టే కాలేజీలో లక్షలు కట్టి చేర్పించి, సంఘంలో నిలబడి మా పిల్లల కోసం ప్రార్థించండి అంటాం. ఆ పరీక్ష ఒక్కటి మానిపించడానికి మనకి ధైర్యం లేదు. ర్యాంకు పోతుందని టెన్షన్. వారం వారం పిల్లవాడు చూసేది దేన్నో, వాడు నేర్చుకునేది దాన్నే. ఇది నాకూ తగులుతుంది. మా వాణ్ణి హాస్టల్లో వేసింది నేనే.

మీరు పెద్ద పెద్ద ఏర్పాట్లేం చేయొద్దు. ఈ రాత్రి పడుకునే ముందు మీ వాడి చేతికి తెలుగు బైబిలు ఇచ్చి అయిదు వచనాలు చదవమనండి. తప్పులు చదివితే చదవనివ్వండి. ఎందుకని అడిగితే, ఆ వాక్యం మిమ్మల్ని ఏ రోజు పట్టుకుందో, ఏ రోజు మీకు నమ్మబుద్ధి కాలేదో రెండూ చెప్పండి. రెండోది దాచిపెట్టే మనం పిల్లల్ని పోగొట్టుకుంటున్నామని నా గట్టి నమ్మకం.

మా వాడికి హాస్టల్లో ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. ముందు నాయనమ్మకి ఇమ్మంటాడు. పోయిన వారం "కళ్లు బాగయ్యాయి కదా, ఇంక నేను చదవక్కర్లేదా?" అని అడిగాడు. "బాగయ్యాయి నాయనా. అయినా నువ్వు చదువు, నేను వింటాను" అంది మా అమ్మ.