కృప తండ్రికి, ధర్మశాస్త్రం కొడుక్కా?

"అమ్మా, మాకు పెళ్లై 19 ఏళ్లు. మావారు పందేల పిచ్చిలో పడి ఇల్లు గుల్ల చేశారు. నాకు ఆపరేషన్ అని అబద్ధం చెప్పి, మా అక్క తన కూతురి చదువుకు దాచుకున్న డబ్బు కూడా తీసుకున్నారు. ఆ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. రెండేళ్ల కిందట ఆయన మారుమనస్సు పొందారు. అది నటన కాదు. పందేల జోలికి మళ్లీ పోలేదు, తెల్లవారక ముందే లేచి మోకాళ్ల మీద ఉంటారు. సంఘంలో సాక్ష్యం చెబితే అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ అక్క డబ్బు మాట ఎత్తితే చాలు, 'నా ఋణపత్రాన్ని ప్రభువు సిలువకు కొట్టేశాడు. మనం కృపకే గాని ధర్మశాస్త్రానికి లోనైనవాళ్లం కాదని రోమా 6:14లో లేదా? నువ్వింకా పరిసయ్యుల్లా లెక్కలు చూస్తున్నావు' అంటారు. పుట్టింటి గడప తొక్కడానికి నాకు మొహం చెల్లడం లేదు. క్రైస్తవులం ధర్మశాస్త్రం కింద ఉన్నామా, కృప కిందా? వాక్యాలతో సహా రాయండి, ఆయనకు చూపిస్తాను. ఇంకో మాట. మా అబ్బాయికి 17 ఏళ్లు. రెండు సబ్జెక్టులు తప్పి, మార్కుల కార్డు మీద వాళ్ల నాన్న సంతకం తనే పెట్టేశాడు. మూడు నెలలుగా ఆయన వాడితో మాట్లాడటం లేదు, అన్నం పళ్లెం నేనే వాడి గదిలోకి తీసుకెళ్తున్నాను. తప్పు వాడిదే కాబట్టి నేనేమీ అనలేదు."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ప్రశ్న కోసం, రెండోసారి ఆ చివరి నాలుగు వాక్యాల కోసం. "ఇంకో మాట" అంటూ మీరు రాసిందే అసలు మాట. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేద్దాం, అది మీరు అనుకున్నంత చిక్కుముడి కాదు.

ధర్మశాస్త్రం అంటే మోషే ద్వారా దేవుడిచ్చిన ఆజ్ఞలు, కృప అంటే అర్హత లేకపోయినా దేవుడు ఉచితంగా చూపే దయ. రక్షణ ఆ కృప వల్లనే. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎవరికీ అనుమానం మిగలకుండా చెప్పాడు. ధర్మశాస్త్రంలోని సున్నతి కాడిని అన్యజనుల మెడ మీద పెట్టకూడదని అపొస్తలులు యెరూషలేములో కూర్చుని తీర్మానించారు, అది అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. అంతమాత్రాన దేవుని ఆజ్ఞకు ఇక పని లేదని కాదు. పది ఆజ్ఞలు ఎలా మొదలవుతాయో ఒకసారి తీసి చూడండి. నరహత్య చేయకూడదు, దొంగిలకూడదు అన్నవన్నీ తర్వాత. మొదటి మాట, "దాసుల గృహమైన ఐగుప్తు దేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని" అని. నిర్గమకాండంలో సముద్రం దాటించింది 14వ అధ్యాయంలో, ఆజ్ఞలు ఇచ్చింది 20వ అధ్యాయంలో. ఈ పదీ పాటించి చూపించండి, అప్పుడు విడిపిస్తాను అనలేదు ఆయన. విడిపించి, ఒడ్డుకు చేర్చి, ఇక మీరు ఇలా బతకండి అన్నాడు. కృప ముందు, ఆజ్ఞ వెనక. ఆ ఆజ్ఞ కూడా, మళ్లీ ఎవరి ఇంట్లోనూ ఎవరూ దాసులు కాకుండా ఉండటానికే. మీ ప్రశ్నకు జవాబు ఇంతే.

ఇక వాక్యాలు ఆయనకు చూపిస్తానన్నారు. చూపించకండి. మీవారికి వాక్యం తెలియక కాదమ్మా, ఎక్కడ ఆగాలో బాగా తెలుసు. రోమా 6:14 చెప్పారు కదా, దాని కిందే 15 ఉంది. ధర్మశాస్త్రానికి లోనుకాలేదని "పాపము చేయుదమా? అదెన్నటికిని కూడదు" అంటాడు పౌలు. తన మాటను జనం ఇలా వాడుకుంటారని ఆయనకు ముందే తెలుసు, వెంటనే తలుపు వేసేశాడు. ఈ వాడకం పాతదే. కృప వల్లనే రక్షణ అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పిన 16వ శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్‌కు అగ్రికోలా అని ఒక దగ్గరి స్నేహితుడు ఉండేవాడు. విశ్వాసులకు ఇక ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదని అతను మొదలుపెడితే, 1537 నుంచి లూథరే అతనికి ఎదురు నిలిచి బహిరంగంగా వాదించాడు. స్నేహం పోయింది, అయినా తగ్గలేదు.

ఇక ఋణపత్రం. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో ఆ మాట ఉంది, నిజమే. కానీ అది దేవుని ముందు మీవారి మీద ఉన్న పత్రం. మీ అక్క ఆ సిలువకు ఏ కాగితమూ ఇచ్చి రాలేదు. ఆవిడ చేతిలో ఉన్నది వేరే లెక్క, అందులో ఒక ఆడపిల్ల చదువు ఉంది. తను మోసపోయిన సొమ్మును ఆవిడ మాఫీ చేస్తే అది ఆవిడ కృప. ఆవిడ తరఫున మీవారే మాఫీ చేసుకోవడం కృప కాదు, రెండోసారి తీసుకోవడం. సంఖ్యాకాండం 5వ అధ్యాయంలో, ఒకడు ఇంకొకడికి నష్టం చేసి ఒప్పుకుంటే, తీసుకున్నదంతా తిరిగిచ్చి దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలని ఉంది. అన్యాయంగా డబ్బు కూడబెట్టిన సుంకరి జక్కయ్యనైతే యేసు మేడి చెట్టు మీద నుంచి దిగమన్నప్పుడు ఏ షరతూ పెట్టలేదు, నేడు నీ ఇంట ఉంటాను అన్నాడంతే. ఆ మాటకే జక్కయ్య లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు ఇస్తానన్నాడు. గొర్రెను దొంగిలించినవాడు నాలుగు గొర్రెలు ఇవ్వాలని నిర్గమకాండం 22లో ఉన్న లెక్కే అది. ఎవరూ అడగకుండానే ధర్మశాస్త్రం అతని నోట్లోంచి వచ్చింది. కృప తగిలిన మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే నాకు జక్కయ్యే గుర్తొస్తాడు.

కాబట్టి మీరు ఆజ్ఞల అక్షరాన్నే పట్టుకు వేలాడే పరిసయ్యురాలు కాదు. ఆ నింద ఇవాళే దించేసుకోండి.

అసలు మాటకు వస్తున్నాను. మీ ఇంట్లో ఇద్దరు తప్పు చేశారు. ఒకరు పెద్దవాడై ఉండీ, భార్య ఒంటి మీద లేని జబ్బు సృష్టించి, వదినగారిని నమ్మించి డబ్బు తీసుకున్నారు. ఇంకొకడు కుర్రాడు, రెండు సబ్జెక్టులు తప్పి, భయపడి, ఒక సంతకం దొంగతనంగా పెట్టాడు. మొదటివారికి సంఘమంతా కన్నీళ్లతో క్షమాపణ. రెండోవాడికి మూడు నెలల మౌనం. మీవారు కృప అంతా తనకు ఉంచుకుని ధర్మశాస్త్రాన్ని కొడుక్కి రాసిచ్చారు. మీ అక్క డబ్బు ఇవాళ కాకపోతే ఆరు నెలలకైనా తీరుతుంది. ఆ గదిలో తలుపు వేసుకుని కూర్చున్న పిల్లాడికి దేవుడంటే ఎవరో ఈ మూడు నెలల్లో ఖాయమైపోతోంది, నా భయం అదీ.

మత్తయి 18లో ప్రభువు చెప్పిన కథ మీవారికి కంఠతా వచ్చే ఉంటుంది. రాజుకు 10,000 తలాంతులు బాకీ పడిన దాసుడు కాళ్ల మీద పడితే, రాజు మొత్తం వదిలేశాడు. అతను బయటికి రాగానే తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ని గొంతు పట్టుకున్నాడు. ఆ రోజుల్లో దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. తనకు మాఫీ అయింది ఆరు కోట్ల రోజుల కూలి, తాను గొంతు పట్టుకున్నది వంద రోజుల కూలికి. రాజు చివరకు కోపగించింది పాత బాకీ కోసం కాదు, ఈ గొంతు పట్టుకోవడం చూసి. మౌనం కూడా గొంతు పట్టుకోవడమే అమ్మా. అన్నం మెతుకు దిగని రకం పట్టు అది.

"తలిదండ్రులను సన్మానింపుము" అని ఆయన అబ్బాయికి గుర్తు చేస్తూ ఉండవచ్చు, చాలా ఇళ్లల్లో తండ్రులు చేస్తారు. ఎఫెసీయులకు 6వ అధ్యాయంలో రెండో వచనం అది. రెండు వచనాలు దాటితే "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అని ఉంటుంది. అక్కడిదాకా ఆయన చదవాలి.

మా నాన్న సంఘపెద్ద. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు కానుక కవర్లో డబ్బు తక్కువైందని, సాయంత్రం ప్రార్థనకు వచ్చిన నలుగురి ముందూ నన్ను దొంగ అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ నోటు ఆయన బైబిల్లోనే, కీర్తనల పేజీల మధ్య దొరికింది. నాన్న నాతో చాటుగా ఏమీ చెప్పలేదు. ఆ నలుగురినీ మళ్లీ పిలిచాడు. పాట అయ్యాక లేచి నిలబడి, "ఈ పిల్లను మీ ముందు దొంగ అన్నాను, దొంగ నా పుస్తకంలోనే ఉంది, తప్పు నాది" అన్నాడు. ఎంతమంది ముందు తీసుకున్నాడో అంతమంది ముందు తిరిగిచ్చాడు. నాకిప్పుడు 60 దాటాయి. ఎన్ని ప్రసంగాలు విన్నా, కృప అనే మాట వినగానే నా కళ్ల ముందు కదిలేది ఆ సాయంత్రమే. నాన్న చేసింది చూస్తే ధర్మశాస్త్రం. దాన్ని ముందు తన మీద పెట్టుకున్నాడు.

మిమ్మల్ని కూడా ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. "తప్పు వాడిదే కాబట్టి నేనేమీ అనలేదు" అని రాశారు. అక్క డబ్బు విషయంలో రెండేళ్లుగా భర్తతో పోట్లాడే గొంతు మీకుంది, కొడుకు విషయంలో మాత్రం లేకపోయింది. పుట్టింట్లో మీ పరువు పోయింది కాబట్టి అది నొప్పి. వాడి గదిలోకి పళ్లెం మోస్తూ మీరు ఆ మౌనానికి కాపలా కాస్తున్నారు. తండ్రికీ బిడ్డకీ మధ్య తల్లి వంతెన కావచ్చు, గోడకు సున్నం వేయకూడదు. రేపటి నుంచి పళ్లెం మోయకండి. వాడిని బల్ల దగ్గరికి రమ్మనండి, వాళ్ల నాన్న పక్కన కూర్చోబెట్టి వడ్డించండి. మాటలు లేకపోయినా సరే.

అక్కకు మీరే ఫోన్ చేయండి. అబద్ధం మీ పేరు మీద జరిగింది, మీ ఒంటి మీద జరిగింది. "అక్కా, నాకు ఏ ఆపరేషనూ కాలేదు" అని మీ నోటితో చెప్పండి. నెలనెలా ఎంత ఇవ్వగలరో మీవారు స్వయంగా ఆవిడకు చెప్పాలి. చెప్పేదాకా సాక్ష్యం ఆపమనండి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువే అన్నాడు, సాక్ష్యం కూడా అర్పణే.

అబ్బాయిని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. సంతకం దొంగతనంగా పెట్టడం తప్పే. అది వాడు దిద్దుకోవాలి, పాఠాలు చెప్పే వాళ్ల దగ్గరికి వాడే వెళ్లి ఒప్పుకోవాలి. కానీ ఒంటరిగా కాదు. ఫిలేమోనుకు పౌలు రాసిన చిన్న ఉత్తరం ఉంది, ఒకే అధ్యాయం. యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్లిపోయిన దాసుడు ఒనేసిమును తిరిగి పంపుతూ రాశాడు. క్రీస్తులో అన్నీ మాఫీ అయిపోయాయి, లెక్కలు అడగకు అని పౌలు రాయలేదు. అతను నీకేమైనా బాకీ ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అన్నాడు. "పౌలను నేనే నా స్వహస్తముతో ఈ మాట వ్రాయుచున్నాను, నేనే దాని తీర్తును" అని చేవ్రాలు చేశాడు. బైబిల్లో కృప గురించి పౌలు కంటే ఎక్కువ రాసిన మనిషి ఎవరూ లేరు. ఆయన కూడా ఇంకొకరి బాకీ ముందుకు వచ్చేసరికి చెరిపేయలేదు, దాని కింద తన సంతకం పెట్టాడు. మీవారికి నేను చూపించమనే వాక్యం ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ కార్డు కాలేజీలో ఉందో ఇంట్లో ఉందో మీరు రాయలేదు. ఎక్కడున్నా ఇద్దరూ కలిసి వెళ్లాలి. అబ్బాయి ఏం చేశాడో అబ్బాయే చెప్పాలి, మీవారు పక్కన నిలబడాలి. తర్వాత కొడుకు పెట్టిన దొంగ సంతకం కింద, తప్పిన ఆ రెండు సబ్జెక్టుల మార్కుల కింద, వాడు చూస్తుండగా తన చేత్తో తన పేరు రాయాలి. దారిలో ఏం మాట్లాడుకుంటారో వాళ్లకే వదిలేయండి. మీరు వెంట వెళ్లకండి.