డబ్బిచ్చి చేయించుకున్న పాట నాది కాదా?

సందేహం: నా 28 నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కి స్నేహితుడు ఒక పాట, నేపథ్య సంగీతం చేసిచ్చాడు. యూపీఐలో 20 వేలు పంపాను. పాట రాసింది ఇంకొకరు, పాడింది మరొకరు. స్టూడియో బిల్లు నేనే కట్టాను. కాగితాలేమీ రాసుకోలేదు. ఇప్పుడు ఓటీటీ సంస్థ సంగీతం హక్కుల పత్రాలు అడుగుతోంది. స్నేహితుడేమో ‘ట్యూన్ నాది, వేరే మ్యూజిక్ లేబుల్‌కి ఇచ్చుకుంటా’ అంటున్నాడు. హక్కు ఎవరిది?

సలహా: మీది ఒక్క పాటే అయినా అందులో నలుగురి హక్కులున్నాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ట్యూన్ స్వరకర్తది, సాహిత్యం రాసినవారిది. గాయకుడికి తన గానం మీద విడిగా హక్కుంది. రికార్డింగ్ దాని నిర్మాతది, అంటే చొరవ తీసుకుని బాధ్యత వహించి చేయించినవారిది. స్టూడియో బిల్లు మీ పేరు మీద ఉంటే ఆ మాస్టర్ (అసలు రికార్డింగ్) వరకు మీ వాదన గట్టిది. దాన్ని మీ అనుమతి లేకుండా మీ స్నేహితుడు లేబుల్‌కి ఇవ్వడం కుదరదు. ట్యూన్‌ని మాత్రం ఇంకో గొంతుతో మళ్లీ రికార్డు చేయించుకోగలడు.

‘డబ్బిచ్చాను కదా’ అన్న మాట ఒకప్పుడు చెల్లేది. సినిమా కోసం చేయించిన సంగీతానికి నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012 సవరణతో, తొలి యజమాని ఎవరో చెప్పే సెక్షన్ 17లో స్వరకర్తలకు, గీత రచయితలకు రక్షణ వచ్చింది. ఇప్పుడు ట్యూన్ మీ చేతికి రావాలంటే సెక్షన్ 19 ప్రకారం ఆయన సంతకం చేసిన రాత ఉండాలి. యూపీఐ రసీదు డబ్బు ముట్టిందని చెబుతుంది కానీ దేనికి ముట్టిందో చెప్పదు. సినిమాలో వాడుకోమనే ఇచ్చాడు కదా అని కోర్టులో వాదించవచ్చు. ఓటీటీ వాళ్లకు కావలసింది వాదన కాదు, కాగితం.

కాబట్టి లీగల్ నోటీసు పంపే ఆలోచన ఉంటే పక్కనపెట్టి కూర్చుని ఒప్పందం రాసుకోండి. పాట పేరు, నేపథ్య సంగీతం నిడివి, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవన్నీ అందులో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే, అప్పుడు విదేశాల్లో స్ట్రీమింగ్ ఆగిపోతుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రద్దవుతుంది, వేరేగా రాసుకుంటే తప్ప. ఓటీటీ, యూట్యూబ్, టీవీ, ఫెస్టివల్స్, ట్రైలర్ అని మాధ్యమాలను పేరుపేరునా రాయండి.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో ‘సర్వహక్కులూ శాశ్వతంగా, ఇక రాయల్టీ అడగను’ అని ఉంటుంది. ఆ రెండో సగం చెల్లదు. థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించేది తప్పిస్తే, మిగతా వాడకంపై స్వరకర్తకు, గీత రచయితకు సమాన వాటా రాయల్టీ ఉంటుంది. దాన్ని వాళ్లు వదులుకుంటామన్నా చట్టం ఒప్పుకోదు. నిజానికి మీ బేరానికి ఇదే పనికొస్తుంది. వాటా ఎటూ ఇవ్వాల్సిందే కాబట్టి దాన్ని మీరే ముందుగా రాతలో చూపిస్తే మొండికేసిన స్నేహితుడు మెత్తబడతాడు.

పాత తేదీ వేసి సంతకాలు పెట్టించకండి. స్టాంపు పేపర్ కొన్న తేదీయే మిమ్మల్ని పట్టిస్తుంది. నేటి తేదీ వేసి, ‘ఫలానా రోజున 20 వేలు ముట్టాయి, అప్పటి నుంచి చేసిన వాడకానికి ఇందుమూలంగా సమ్మతి’ అని రాస్తే చాలు.

సంతకానికి ముందు మీ స్నేహితుణ్ని రెండు ప్రశ్నలు అడగండి. కాపీరైట్ సొసైటీలో (సభ్యుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థలో) సభ్యుడా? అయితే కొన్ని హక్కులు ఇప్పటికే అక్కడికి వెళ్లి ఉంటాయి, దానికి విరుద్ధంగా మీకు రాసిచ్చింది చెల్లదు. రెండోది, ట్రాక్‌లో రెడీమేడ్ లూపులు (ముందే తయారుచేసి ఉంచిన చిన్న సంగీతం ముక్కలు) వాడాడా? అదే లూపు వాడిన ఇంకొకరు తమ పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (పాటల్ని తనంతట తానే గుర్తుపట్టే వ్యవస్థలో) పెడితే మీ సినిమా మీద హక్కు క్లెయిమ్ వస్తుంది. లూపుల లైసెన్సు కాపీలను ఒప్పందానికి జత చేయించండి. ‘కొన్ని సెకన్లయితే ఫర్వాలేదు’ అన్న మినహాయింపు మన చట్టంలో లేదు.

గీత రచయిత, గాయకుడి సంతకాలు విడివిడిగా తీసుకోవాలి. స్వరకర్త వాళ్ల తరఫున రాసిస్తే కుదరదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది ఒప్పందానికి బదులూ కాదు.

ఆయన ససేమిరా అంటే కొత్త సంగీతం చేయించి మిక్సింగ్ మార్చుకోవడమే మేలు. డైలాగు, ఎఫెక్ట్స్, సంగీతం ట్రాకులు విడివిడిగా మీ దగ్గర ఉంటేనే అది వీలవుతుంది. ఆ ఫైళ్లు స్టూడియోలో ఉండిపోయి ఉంటే ఈ వారమే తెచ్చుకోండి.