నర్సరీ పిల్లల చేత పూల పనులు

చి. సౌ. మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

నరసన్నపేటలో నర్సరీ పిల్లలకి ఉగాది దాకా పూల పనులు చేయించాలని, ఏం చేయించాలో తోచక టెన్షన్ పడుతున్నానని ఫోన్లో అన్నావు కదా. ఫోటో బాగా రావాలని నువ్వే కత్తిరించి, నువ్వే మడిచి, ఆఖర్న పిల్లల చేత ఒక్క చుక్క అంటింపించే పని మాత్రం పెట్టుకోకు. మూడేళ్ల పిల్లకి కత్తెర లొంగదు. చించడం, నలపడం, అద్దడం, కొట్టడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు.

అన్నిట్లోకీ వాళ్లకి నచ్చేది కొట్టుడు పనే. పలకంత తెల్ల నూలు గుడ్డ తీసుకుని గంజి పోయేలా ఉతుకు. పొందూరు ఖాదీ ముక్కలు దొరికితే మరీ మంచిది. పీట మీద పరిచి బంతి రేకులు విడదీసి పెట్టించు. మందారమైతే తొడిమ, మధ్యలో కాడ తీసేసి ఒక్కో రేకే పెట్టాలి, పువ్వు మొత్తం పెడితే ముద్దయిపోతుంది. గుడ్డ సగానికి మడిచి, అరచేతిలో ఇమిడే గులకరాయి ఇవ్వు. పీటకి ఒక్కరే కూర్చోవాలి, లేకపోతే పక్కవాడి వేళ్లు నలుగుతాయి. విప్పితే రెండువైపులా అచ్చు పడుతుంది. ఎర్ర మందారం గుడ్డ మీద ఊదాగా దిగుతుంది. ఎందుకని అడిగి నీ ప్రాణం తీస్తారు, కాస్త ఓపిక పట్టు. ఉతికితే ఆ రంగు నిలవదని తల్లులకి ముందే చెప్పు.

రంగులు కొనక్కర్లేదు. ఫాల్గుణంలో పార్వతీపురం వైపు మోదుగ విరగబూస్తుంది. ఆ పూలు ఇంటి దగ్గరే కాచి వడగట్టి, చల్లారాక పట్టుకెళ్లు. పుల్లకి దూది చుట్టి ఇస్తే అదే బ్రష్. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. అది చల్లారాక నిమ్మచెక్క మాత్రం పిల్లల చేతే పిండించు. రంగు మారి ఊదా అయ్యేసరికి క్లాసంతా నీ బల్ల చుట్టూ మూగుతుంది. బెండకాయ అడ్డంగా కోసి రంగులో ముంచి అద్దే పువ్వు అచ్చులు నీకు తెలిసినవే, కాస్త ముదురుకాయ అయితే రేకులు స్పష్టంగా పడతాయి.

జిగురు మైదాతో ఏ రోజుకారోజు కాచుకో. పోస్టర్లు అంటించే వాళ్ల దగ్గర తేకు, పాడవకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం.

గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు క్లాసులోకే రానివ్వకు. మొదటి మూడూ విషం, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. గురివింద గింజలూ వద్దు. మట్టి వినాయకుడికి కళ్లు పెట్టేవే కదా అని ఎవరైనా తెస్తారు. నమిలితే ప్రాణం మీదకొస్తుంది. నోట్లో పెట్టుకోని పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మీ మావయ్య ఆదివారం అటు వస్తున్నారు. ఎండబెట్టిన మోదుగ పూలు డబ్బాలో పంపిస్తున్నాను. డబ్బా మాత్రం తిరిగి పంపు, మీ అమ్మలా దాచేయకు.

మీ అత్త,
విజయనగరం