రోగి అన్నిటికీ "విన్నాను" అంటుంటే

ఒకదానికొకటి సంబంధమున్న పదాలు చదివి వినిపించి, తర్వాత ఒక్కో పదాన్ని "ఇది విన్నారా?" అని అడిగే జ్ఞాపక పరీక్షలో, 20కి 17 పదాలు "విన్నాను" అన్నంత మాత్రాన మీ రోగికి తప్పుడు జ్ఞాపకాలని తేల్చకండి. అది ఏదడిగినా "అవును" అనేసే అలవాటే కావచ్చు. మీరు అడిగిన పదాల జాబితాలో సంబంధం లేని కొత్త పదాలు ఒక్కటీ లేవు, అదే అసలు లోపం.

1. ఈ పరీక్షకు ఇంగ్లీషులో ఉన్న పదాల జాబితాను అనువదించకండి. శ్రీకాకుళం తీరం మనిషికి వల, తెప్ప, అల, ఉప్పు, ఇసుక, పీత, లంగరు, ఒడ్డు అని చదవండి. ఇవన్నీ గుర్తుచేసే "సముద్రం" మాత్రం చదవొద్దు, అదే ఎర: చదవకపోయినా విన్నానంటాడేమో చూసే పదం. చదువు రాకపోతే అంతా నోటితోనే.

2. ఇలాంటి జాబితాలు కొన్ని చదివాక గుర్తింపు పరీక్షలో మూడు రకాలూ కలపండి: చదివినవి, ఎర పదాలు, అసలు పొంతనే లేనివి (నాగలి, గొడుగు, తాళం).

3. ఎర పదాల "అవును" శాతంలోంచి పొంతన లేనివాటి శాతం తీసేయండి. 80లోంచి 70 పోతే మిగిలేది 10. అంటే ఊహించి చెబుతున్నాడు. 80లోంచి 10 పోతే 70, అప్పుడు ఆలోచించాలి.

తేడా తక్కువైతే జ్ఞాపకం బాగుందనీ కాదు. కోర్సకాఫ్ (ఎక్కువగా దీర్ఘకాలం తాగుడు, బి1 విటమిన్ లోపం వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతినే జబ్బు) రోగుల్లో జాబితా సారాంశమే నిలవక ఎర పదాలకూ పడకపోవచ్చు. చదివిన పదాల స్కోరు పక్కన పెట్టుకుని చూడండి.

తాగుడు మానేసి మూడు నాలుగు వారాలైనా కాకుండా, లేదా లోరాజెపామ్ లాంటి మగత కలిగించే మాత్రలు నడుస్తుండగా చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.

"నిన్న పలాస వెళ్లొచ్చాను" లాంటి కల్పనలు ఈ పరీక్షలో దొరకవు. వాటిని విడిగా అడిగి, ఇంట్లోవాళ్లతో సరిచూడండి. "పలాస వెళ్లారు కదా?" అని మాత్రం మీరే అందించకండి.